బండి అడిగిన స్నానం

ఆ వ్యాను వెనక అద్దానికి పాలిథీన్ కాగితం కప్పి, నాలుగంచులా టేపు వేసి ఉంది. బండి ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటే ఆ ఒక్క అద్దానికే అంత భద్రం ఎందుకో స్టిక్కర్ల షెడ్డులో కూర్చున్న అత్తాకోడళ్ళకు అంతు పట్టలేదు.

ఆ షెడ్డు అత్తగారి భర్తది. బతికినన్నాళ్ళూ ఆయన కుంచె పట్టుకుని బండ్ల మీద పేర్లు రాశాడు. కొడుక్కి ఆ విద్య అబ్బలేదు. వాడు ఏదో గోడౌనులో ఉద్యోగం చూసుకున్నాడు. అబ్బింది కోడలికి. కుంచెల కాలం పోయి వినైల్ స్టిక్కర్ల కాలం వచ్చాక ఆవిడే కటింగ్ మెషీను తెప్పించి షెడ్డు మళ్ళీ తెరిచింది. మెషీను అక్షరాలు కోస్తుంది, కోడలు వాటిని బండికి అతికిస్తుంది, మధ్య పని అత్తగారిది. అక్షరాల చుట్టూ, అక్షరాల పొట్టలో మిగిలిపోయిన స్టిక్కరును పట్టకారుతో పీకి పారెయ్యాలి. "మా ఆయన జీవితమంతా అక్షరాలు పెట్టాడు, నేనేమో పీకుతున్నాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెయ్యి ఆడినంతసేపూ ఆవిడ నోరూ ఆడేది.

వ్యాను దిగినతను ప్లంబరు. నలభై దాటి ఉంటాయి. గడ్డం మాసి, చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకుని ఉన్నాడు. ఏం స్టిక్కరు కావాలని కోడలు అడిగితే బండి వెనక్కి నడిచి, టేపు ఊడదీసి, కాగితాన్ని పసిపిల్ల మీది దుప్పటి తీసినట్టు మెల్లగా పైకెత్తాడు.

అద్దం నిండా మందంగా దుమ్ము. ఆ దుమ్ములో వేలితో రాసిన ఒక వాక్యం.

నాన్నా, నాకు స్నానం ఎప్పుడు?

కోడలికి నవ్వు వచ్చింది. అత్తగారైతే పట్టకారు పక్కన పెట్టి మరీ నవ్వింది. "పాపం, బండే నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. ఇంకా ఎప్పుడు చేయిస్తావు నాయనా?"

"మా పాప రాసిందండీ," అన్నాడతను.

"గడుగ్గాయే!"

"అవునండీ. ఇప్పుడు లేదు."

లేదంటే ఇంట్లో లేదనుకుంది అత్తగారు ఒక్క క్షణం. తర్వాత అతని మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అతను చెప్పింది కొంచెమే. ఒక్కతే పిల్ల, తొమ్మిదో తరగతి. తోడబుట్టినవాళ్ళు లేరు కనక వ్యానునే తమ్ముడనేది. నన్ను రోజూ తల దువ్వుకోమని చంపుతావు, తమ్ముడి మొహం ఒక్కసారి చూడు నాన్నా అని పోట్లాడేది. ఆ రోజు పొద్దున అతను పైపులు ఎక్కిస్తుంటే, భుజాన బడి సంచితో వెనక నిలబడి ఇది రాసింది. అతను చదివి నవ్వి, రేపు అన్నాడు. మధ్యాహ్నం బడి నుంచి ఫోను వచ్చింది, పిల్ల ఒళ్ళు కాలిపోతోందని. జ్వరం తలకెక్కింది అన్నారు ఆసుపత్రిలో. వారం తిరగలేదు.

"వాన పడితే ఇది పోతుందమ్మా," అన్నాడతను కోడలితో. "పోకుండా చెయ్యండి. మీ కంప్యూటరు అక్షరాలు వద్దు. అచ్చం ఇలాగే ఉండాలి."

కోడలు అద్దం చుట్టూ తిరిగింది. పని కష్టమైనది కాదు. కష్టం ఇంకొకటి ఉంది, అది ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. దుమ్ము మీద స్టిక్కరు నిలవదు. అతికించాలంటే ముందు అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగి మెరిసేలా తుడవాలి. అంటే పిల్ల రాసినదాన్ని చెరిపేస్తే గాని పిల్ల రాసింది పెట్టడం కుదరదు. చివరికి ఆ మాట ఉన్నదున్నట్టుగా చెప్పింది.

అతను వాదించలేదు. సరేనమ్మా అని కాగితం మళ్ళీ దించి టేపు ఒత్తడం మొదలుపెట్టాడు. ఆ ఒత్తడం చూస్తూ నిలబడింది కోడలు. అతను బండెక్కి తాళం తిప్పాక, వెంట నడిచి కిటికీ మీద తట్టింది.

"లోపలి నుంచి వేద్దామండీ," అంది. "అద్దం లోపలి వైపు. అక్షరాలు తిరగేసి కోస్తే బయటికి తిన్నగా కనిపిస్తాయి. సరిగ్గా ఈ గీతల వెనకే పడేలా చూస్తాను. బయటి దుమ్ము దాని మానాన అది ఉంటుంది. మనం ఎవరమూ చెరపక్కర్లేదు."

అతను స్టీరింగు మీద నుదురు ఆనించి, తాళం వెనక్కి తిప్పి బండి ఆపాడు.

అద్దం అంచున స్కేలు అతికించి ఎదురుగా ఫోటో తీసింది కోడలు. కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే పిల్ల వేలు నడిచిన దారంతా కనిపించింది. మొదటి దీర్ఘం దగ్గర వేలు కాస్త ఆగింది, బహుశా ఏం రాయాలా అని. 'స్నానం' కింద ఒత్తు పెట్టడం మరిచిపోయి, తర్వాత ఇరికించినట్టుంది. వరుస కుడివైపుకి పోయేకొద్దీ కిందికి జారింది. ప్రశ్న గుర్తు కింది చుక్క మీద వేలిముద్ర గీతలు స్పష్టంగా, చెట్టు కొమ్మ నరికితే కనిపించే వలయాల్లా ఉన్నాయి. మామూలుగా అయితే ఇలాంటి వంకర్లన్నీ నున్నగా సరిచేసేది కోడలు. ఇప్పుడు దేన్నీ ముట్టుకోలేదు. తెల్ల రంగు చాలన్నాడు అతను.

మెషీను కోసిచ్చిన రేకును అత్తగారు ఒళ్ళో పెట్టుకుని పీకడానికి కూర్చుంది. ఆ పని చేసినంతసేపూ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యాక కోడలి చేతిలో పెడుతూ, "తిరగేసి ఉన్నా చదవగలుగుతున్నానే. అదేమిటే?" అంది.

అతికించేటప్పుడు కోడలు వ్యాను లోపల, పైపు ముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది. ప్లంబరు బయట నిలబడి, కొంచెం పైకమ్మా, మీ కుడికి, చాలు చాలు అని చెబుతున్నాడు. దుమ్ములోంచి అతని మొహం కనిపించడం లేదు. పిల్ల వేలు తుడిచిన గీతల్లోంచి మాత్రం ముక్కలుగా కనిపిస్తున్నాడు. ఒక అక్షరంలోంచి కన్ను, ఇంకో అక్షరంలోంచి పెదవి. ప్లాస్టిక్ రేకుతో ఆమె ఒక్కో అక్షరాన్నీ అద్దానికి రుద్దుతూ పోయింది. రుద్దినకొద్దీ ఆ గీతల్లో తెలుపు నిండింది, అతని మొహం ముక్క ముక్కగా మూసుకుపోయింది. చివరి చుక్క కూడా పడ్డాక బయట అత్తగారి గొంతు వినిపించింది.

"కుదిరింది. వెంట్రుకవాసి తేడా లేదు."

రెండు మూడు రోజుల్లోనే వాన వచ్చింది. షెడ్డు రేకుల మీద టపటపమని పడుతుంటే అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అద్దం మీది దుమ్ము ఇప్పుడు కారిపోతూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఆ వ్యాను కోడలి కంట పడటం మొదలైంది. వానకి మీది దుమ్ము కాస్త కారింది గాని, అతను బండిని కడగలేదు. బురద చారికల మధ్య తెల్లటి అక్షరాలు. ఒకసారి ఆమె ఎక్కిన బస్సు సిగ్నలు దగ్గర సరిగ్గా దాని వెనకే ఆగింది. ముందు సీట్లోని పిల్లలు కూడబలుక్కుని చదివి, ఎప్పుడు, ఎప్పుడు అని పాటలా అందుకున్నారు. బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా హారను కొట్టి నవ్వాడు. ముందున్న వ్యానులో అతను తల ఎత్తి లోపలి అద్దంలోకి చూడటం కనిపించింది ఆమెకు. అప్పుడు తట్టింది. అద్దం లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగేసి ఉంటాయి. కానీ డ్రైవరు చూసుకునే అద్దంలో అవి మళ్ళీ తిన్నగా అవుతాయి. వెనక ఏ బండి వస్తోందో చూసుకున్న ప్రతిసారీ అతనికి ముందు కనిపించేది ఆ ప్రశ్నే. అంత పని చేసి, ఆ సంగతి ఒక్కసారి కూడా ఆమె ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి అత్తగారితో చెప్పింది. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అన్నం కలుపుకుంటుంటే కూడా నాకు వినిపిస్తోందే," అంది. "గొంతు ఎలా ఉంటుందో తెలియదు కదా. అయినా వినిపిస్తోంది."

ఒక రోజు పొద్దెక్కాక ఒకావిడ నడుచుకుంటూ షెడ్డుకి వచ్చింది. చేతిలో సంచీ లేదు, గొడుగు లేదు. బండి లేకుండా స్టిక్కర్ల షెడ్డుకి ఎవరూ రారు. ఎవరని అడగబోతుండగానే, ప్లంబరు భార్యనని చెప్పి, అత్తగారు జరిపిన కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళిస్తే గ్లాసు చేతిలోనే పెట్టుకుంది.

"అది తీసెయ్యాలమ్మా," అంది. "ఆయన పనికి నడిచి వెళ్ళిన రోజు కబురు పెడతాను. వచ్చి తీసెయ్యండి."

ఆవిడే చెప్పుకుంటూ పోయింది. తెల్లారగానే అతను ఇంట్లోంచి లేచి వెళ్ళి వ్యాను లోపల, పైపుల మీద కూర్చుంటున్నాడు. వాకిట్లో బండి వీపు తూర్పుకి ఉంటుంది. ఎండ ఆ అద్దంలోంచి లోపలికి పడుతుంది. అక్షరాల నీడ అతని చొక్కా మీద పడుతుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే అద్దం మీద ఒకసారీ, అతని గుండెల మీద ఒకసారీ అదే మాట. పొద్దెక్కేకొద్దీ ఆ నీడ గుండెల మీంచి ఒళ్ళోకి జారుతుంది. ఒళ్ళోంచి జారి కింద పడేదాకా అతను కదలడు.

"దానికి జవాబు చెబుతాడమ్మా. రోజూ. రేపు అంటాడు. నాకు వంటింట్లోకి వినబడుతుంది." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఆసుపత్రిలో ఆఖరున పిల్లని నేనే తుడిచాను. నర్సు నేను చేస్తానంది, ఒప్పుకోలేదు. నేనే ఒళ్ళంతా తుడిచి, తల కడిగి, జడ వేశాను. ఆయన్ని రమ్మన్నాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా ఆ గది సంగతి అడగడు, నన్ను చెప్పనివ్వడు. రేపు, రేపు. ఎప్పటికమ్మా ఆ రేపు?"

షెడ్డులో కటింగ్ మెషీను పని అయిపోయి దానంతట అదే ఆగింది. కోడలు దగ్గరికి వచ్చి, అక్కా, ఆయన లేకుండా నేను దాన్ని తీయలేను అని చెప్పింది. ఆయన చేతులారా తెచ్చి పెట్టించుకున్నది, చాటుగా గీకేస్తే ఆ ఖాళీ అద్దం చూసి మనిషి ఏమైపోతాడో. ఆయన ఉండగా వస్తాను, ఆయన ఎదురుగానే మీరు అడగండి, తియ్యమంటే ఆ నిమిషంలో తీస్తాను అంది. అత్తగారు కూడా అంతేనమ్మా అన్నట్టు తలూపింది. వచ్చినావిడ లేచి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. వీళ్ళు రారనే అనుకుని ఉంటుంది.

కానీ మర్నాడే వెళ్ళారు, ఇద్దరూ. మీరెందుకులే అంటే అత్తగారు వినలేదు. చలి పొద్దు. ఎండ అప్పుడే వాకిట్లోకి వస్తోంది. ప్లంబరు భార్య చెప్పినట్టే అతను వ్యాను లోపల కూర్చుని ఉన్నాడు, చొక్కా మీద అక్షరాలతో. కోడలు వాకిట్లో ఆగింది. అది తన చేత్తో అంటించిన స్టిక్కరు, దాని నీడ. అంతకంటే ఏమీ లేదని తెలుసు. అయినా ఆ మాట అతనిలోంచి బయటికి వస్తున్నట్టుంది, ఎవరో లోపల కూర్చుని అడిగిస్తున్నట్టు.

కోడలి చేతిలోని, స్టిక్కర్లు ఊడదీసే వేడిగాలి మెషీను చూడగానే అతనికి విషయం అర్థమైంది. దిగి వచ్చాడు. భార్య వైపు చూశాడు గాని కోపంగా చూడలేదు.

"నేనే రమ్మన్నాను," అంది ఆవిడ.

అతను, బండి ఇంత మురికిగా ఉందేమిటని అత్తగారు అంటుందేమో అన్నట్టు ఆవిడ వైపు చూశాడు. అత్తగారు మాత్రం కిందికే చూస్తోంది. ప్లంబరు భార్య లోపలికి వెళ్ళి, పొయ్యి మీద కాగుతున్న నీళ్ళు బకెట్టులో పోసుకుని తెచ్చి, వ్యాను వెనక దించింది. సబ్బు, పాత తువ్వాలు కూడా తెచ్చింది.

ఆ చలిలో నీళ్ళ ఆవిరి గుప్పున లేచి అద్దానికి తగిలింది.

ముందు చూసింది అత్తగారే. కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిరి కమ్మినకొద్దీ అద్దం కింది అంచు పొడుగునా అరచేతుల గుర్తులు తేలుతున్నాయి. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, ఐదేసి వేళ్ళతో. కొన్ని మరీ కిందికి ఉన్నాయి, చిన్నవి. వాటి మీద ఇంకాస్త పెద్దవి. అన్నిటికంటే పైన, అక్షరాలకి దగ్గరగా, దాదాపు పెద్దవాళ్ళ చెయ్యంతది. దుమ్ము వానకి కారిపోయినా, చేతి జిడ్డు అద్దాన్ని అంటిపెట్టుకుని ఉంటుందని, ఆవిరి తగిలితే బయటపడుతుందని కోడలికి తెలుసు. ఆ పనిలో రోజూ చూసేదే. కానీ ఇలా, ఒక పిల్ల పెరగడం చూడలేదు.

"తలుపు," అన్నాడు ప్లంబరు. "నేను సామాను ఎక్కించాక వెనక తలుపు అదే నెట్టేది. చిన్నప్పటి నుంచీ. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు."

అతను అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి ఎత్తి ఆ గుర్తుల దగ్గరికి తీసుకెళ్ళాడు గాని ఆనించలేదు. ఆవిరి నీటిబొట్లయి ఒక చిన్న చేతిలోంచి కిందికి జారడం మొదలైంది.

అప్పుడు అతని భార్య వచ్చి పక్కన కూర్చుంది. తువ్వాలు నీళ్ళలో ముంచి పిండింది.

"దాని స్నానం అయిపోయింది," అంది. "నేను చేయించాను. వినండి."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆగలేదు. ముందు మొహం తుడిచాను అంటూ తువ్వాలు అతని చేతిలో పెట్టింది. కళ్ళ దగ్గర మెల్లగా తుడిచాను. సబ్బు కళ్ళలో పడితే దానికి ఎంత కోపమో మీకు తెలుసుగా. అతను తువ్వాలు పట్టుకుని అలాగే ఉన్నాడు. చెవుల వెనక తుడిచాను. అక్కడ బడి సిరా మరక ఉంది, ఎలా అంటిందో. అతని చెయ్యి కదిలింది. అద్దం మీద కాదు, ముందుగా, అద్దం పక్కన ఉన్న రేకు మీద. అక్కడ తుడిచాడు. తర్వాత తలుపు అంచు. ఆవిడ చెబుతూ ఉంది, మెడ, భుజాలు, సూది గుచ్చిన చోట కమిలిన మోచెయ్యి, గోళ్ళకు ఎవరో స్నేహితురాలు వేసిన సగం రంగు. ఆవిడ ఎంతవరకు చెబితే అతను అంతవరకు కడిగాడు. మధ్యలో ఒకచోట ఆవిడ గొంతు ఆగిపోతే అతనే, ఆ తర్వాత, అని అడిగాడు. బకెట్టులో నీళ్ళు నల్లబడ్డాయి. అత్తగారు ఆ బకెట్టు పారబోసి, వంటింట్లోకి తనే వెళ్ళి మళ్ళీ వేడినీళ్ళు తెచ్చింది.

అద్దం ఆఖరున కడిగాడు. అరచేతులు పైనుంచి కిందికి ఒక్కొక్కటే పోయాయి. అప్పటికి ఆవిడ జడ దగ్గరికి వచ్చింది. రెండు జడలు వేశానంది. ఒక్కటే వెయ్యాల్సింది, పెద్దదయింది కదా అన్నాడతను. ఆవిడ ఏడ్చింది.

స్టిక్కరు లోపలి వైపు ఉంది కనక అది అలాగే ఉంది. శుభ్రమైన అద్దం వెనక ఇంకా తెల్లగా కనిపించింది. తియ్యమంటారా అని కోడలు అడిగితే, భార్యాభర్తలు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఇవాళ్టికి ఉండనివ్వమ్మా అంది ఆవిడే. తెచ్చిన సామాను తెచ్చినట్టే పట్టుకుని అత్తాకోడళ్ళు ఇంటిదారి పట్టారు. దారిలో అత్తగారు ఒక్కసారే మాట్లాడింది. మీ మామయ్య పోయినప్పుడు నేనూ గదిలోకి వెళ్ళలేదే, మీ ఆయనే చూసుకున్నాడు అంది. కోడలికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

చాలా రోజులకి ప్లంబరు షెడ్డుకి వచ్చాడు. భార్య పక్క సీట్లో కూర్చుని ఉంది. రెండు వైపులా ప్లంబింగ్ పనులని, కింద ఫోను నంబరు కావాలన్నాడు. వెనకది తీసెయ్యమన్నాడు. కోడలు అద్దాన్ని వేడి చేసి గోటితో అంచు లేపితే, మిగతాదంతా అతనే లాగాడు. అలా లాగిన స్టిక్కరు దానికదే అంటుకుపోయి నిమ్మకాయంత ముద్దయింది. దీన్ని మళ్ళీ విప్పవచ్చా అని అడిగాడు. రాదండీ అంది కోడలు. అతను దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, చొక్కా జేబులో వేసుకున్నాడు. మంచు పొద్దుల్లో ఆ అద్దం మీద ఇప్పటికీ ఒక చెయ్యి కనిపిస్తోందని, ఎన్నిసార్లు తుడిచినా ఆ ఒక్కటీ పోవడం లేదని చెప్పాడు. భయంగా ఉందా అని అత్తగారు అడిగింది. లేదండీ, అది కనిపించని రోజే ఎలాగో ఉంటుంది అన్నాడు.

ఆ పని తర్వాత కోడలికి ఒక అలవాటు పట్టుకుంది. ఏ బండి వచ్చినా, అద్దం తుడవబోయే ముందు దగ్గరగా వెళ్ళి నోటితో ఆవిరి ఊదుతుంది. చాలాసార్లు ఏమీ ఉండదు, మెకానికుల బొటనవేళ్ళు తప్ప. మొన్న ఒక కారు పక్క అద్దం మీద లోపలి వైపు కూడా ఊదితే, సీట్లో కూర్చున్న పిల్లవాడెవడో ఒకప్పుడు బయటికి చూస్తూ ఆనించిన చిన్న ముక్కూ, రెండు అరచేతులూ తేలి వచ్చాయి. అవి ఎవరివని కారాయన్ని అడిగింది. పాత కారు కొన్నాం, మాకేం తెలుసు అన్నాడాయన. అయితే తుడిచెయ్యమంటారా అని అడిగింది. ఆయన ఆమె వైపు వింతగా చూశాడు.

"తుడిచి స్టిక్కరు వెయ్యడానికేగా మీ దగ్గరికి తెచ్చింది," అన్నాడు.

ఆమె గుడ్డ తడిపి, కారు తలుపు తెరిచి, లోపలికి వంగింది.